సున్నా కాదు, ఖాళీ

టూవూంబాలో రూత్వెన్ వీధి, మూడో అంతస్తు.
కిటికీ అవతల జకరండాలు ఊదారంగు రాలుస్తున్నాయి.
ఇవతల నేను
ఆరే ఆరు వరుసల పట్టిక రాసుకున్నాను.
లక్ష వరుసల్లో తప్పు హాయిగా దాక్కుంటుంది,
ఆరింటిలో దానికి మోకాళ్ళు ముడుచుకునే చోటు కూడా ఉండదు.

పన్నెండు. సున్నా. ఖాళీ. ఆరు. ఖాళీ. ముప్ఫై.
ఆరు రోజుల వాన, మిల్లీమీటర్లలో.
వేళ్ళు మడిచి కూడాను: నలభై ఎనిమిది.
క్వెరీ కూడా నలభై ఎనిమిదే అంది.
మొత్తం దగ్గర ఎవరూ పోట్లాడరు.

పేచీ అంతా సగటు దగ్గర.
చెప్పిన నలుగురికే పంచితే పన్నెండు.
నోరు విప్పని ఇద్దరినీ లాక్కొచ్చి
ఆరుగురికి పంచితే ఎనిమిది.
ఫెర్గస్ రాసిన కోడ్ ఎనిమిదంటోంది.
ఖాళీ కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు,
గోడలో మేకు కన్నం చూసి సున్నం మెత్తేవాడిలా
సున్నా మెత్తేస్తాడు.

"తేడా ఏముంది హైమా, రెండూ ఏమీ లేకపోవడమేగా?"

ఎలా చెప్పను?
మా ఇంట్లో లేదు వేరు, తెలీదు వేరు.
డబ్బాలోకి తొంగిచూసి బియ్యం లేవనడం ఒకటి,
మూతే తియ్యకుండా అనడం ఒకటి.
రెండోదానికి మా అమ్మమ్మ
గరిటె తిరగేసేది.

మధ్యాహ్నం గుంపులు కట్టే పరీక్ష.
స్టేషన్ పేరు చొప్పున వానని విడదీయమన్నాను.
పేరున్న వరుసలు ఎవరి బంతిలో వాళ్ళు కూర్చున్నాయి.
పేరు రాయని పదకొండు నిలబడి ఉన్నాయి.
ఈ ఖాళీ ఆ ఖాళీతో సమానమా అని విడిగా అడిగితే
ఔననదు, కాదనదు.
అదే డేటాబేస్ విస్తళ్ళు వేసే వేళకి
ఒకరి మొహం ఒకరెరగని ఆ పదకొండింటినీ
ఒకే బంతిలో కూర్చోబెట్టేసింది.
నియమం అంతే. పాస్ అని గుర్తు పెట్టాను.
పెట్టి, కాసేపు ఆ బంతి వైపే చూశాను.

గుమ్మం దగ్గరే ఆపే షరతు ఒకటి,
కూర్చున్నాక తలలు లెక్కపెట్టి లేపే షరతు ఇంకొకటి.
ఫెర్గస్ రెండోదాని పని మొదటిదానికి అప్పగించాడు.
స్క్రీన్ ఎర్రబడి తిట్టిపోసింది.
ఆ తప్పు మంచిది, అరుస్తుంది.
ఎనిమిదన్న తప్పు అరవదు,
నున్నగా దువ్వుకుని రిపోర్టులోకి నడిచి వెళ్ళిపోతుంది,
ఆ రిపోర్టు చూసుకుని ఎవరో ఆనకట్ట తలుపు తీస్తారు.

ఇప్పుడు అసలు పట్టిక.
కుర్రాంగ్ క్రీక్ స్టేషన్, అక్టోబరు.
వరుసలు ముప్ఫై ఒకటి.
వాన అంకె ఉన్నవి ఇరవై ఏడు.
నాలుగు రోజులు ఏమయ్యాయి?
పరీక్షించేదాన్ని, ఆ ప్రశ్న నా పని కాదు.
అయినా ఫోన్ చేశాను.

మెర్ల్ హచిన్స్, డెబ్భై తొమ్మిదేళ్ళు,
రోజూ తొమ్మిదింటికి వానమాపకం చదివే మనిషి.
"ఆ నాలుగు రోజులా?
గరాటులో ఆకుపచ్చ కప్పొకటి కూర్చుంది.
లేపబుద్ధి కాలేదు.
వానా? ఓ, దంచి కొట్టింది.
ఎంతంటే మాత్రం
దాన్నే అడగాలి."

వాన కోసం కప్పలకి పెళ్ళి చేసినవాళ్ళ మనవరాలిని నేను.
కప్ప కూర్చుంటే వాన లెక్క ఆగడం
ఇదే వినడం.

ఆశించినది, పన్నెండు. వచ్చినది, ఎనిమిది.
కారణం అన్నచోట కప్ప అని రాసి,
కొట్టేసి,
మర్యాదైన వాక్యం ఒకటి రాశాను.

చివరి పరీక్ష, ఒక్క వరుసా లేని పట్టిక.
ఎన్ని? అంటే సున్నా అంది ఠక్కున.
మొత్తం ఎంత? అంటే
పలకలేదు.
ఫెర్గస్ వెనక నిలబడి ఆ ఖాళీని చూశాడు,
మేకు కన్నాన్ని చూసినట్టే.
చెయ్యి మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు.